లోపల వదిలిన గుడ్డ

చిక్కడపల్లి సందుల నా కుట్టు మిషను.
ఎవరి నడుమెంతో, ఎవరి భుజమెంతో
వాళ్ల మొగుళ్లకన్నా నాకే ఎరుక.

హారిణి కుర్తా మొదటిసారి బిగించింది
ఇంటర్ సెకండియర్ల, దసరా ముంగట.
"అమ్మా, లూజైంది."
అరంగుళం లోపలికి కుట్టిన.
మళ్ల దీపావళికి.
మళ్ల ఊరికెనే, ఏ పండుగా లేని మంగళారం నాడు.
పండ్ల మధ్య గుండుసూదులు ఉండె,
అందుకే ఏం అడగలేదంటే నమ్ముతరా?
కొలతల బుక్కుల పాత అంకె కొట్టేసి
పక్కన చిన్నది రాసిన.
చక్కటి చేతిరాత నాది.

గిరాకికొచ్చిన ఆడోళ్లు
"ఏం చేసినవ్ బిడ్డా, గింత సన్నగైనవ్, మాకూ చెప్పరాదు" అన్నరు.
ఆమె నవ్వింది.
నేనూ నవ్విన.
ఆ నవ్వు ఇప్పటికీ
చేప ముల్లు లెక్క గొంతుల ఉన్నది.

మే నెల. రోడ్డు మీద తారు కరుగుతుంటే
పిల్ల స్వెట్టరేసుకున్నది.
దువ్వెన నిండ వెంట్రుకలు.
నాలుగు నెలలాయె, ముట్టు లేదు.
మా ఆడబిడ్డ దిష్టి తీసింది.
ఒకాయన గ్యాస్ గోళీలిచ్చిండు.
వాళ్ల బాపు హలీం తెచ్చిండు, తాటిముంజలు తెచ్చిండు,
ఆఖరికి చెయ్యెత్తిండు. పిల్లను కొట్టలేక
గోడను కొట్టిండు.
అందరిదీ ఒక్కటే మాట: "తింటే ఏమైతది?"
తింటే ఏమైతదో
ఆమెకు తప్ప ఎవ్వరికీ తెల్వదు.

హైదర్‌గూడల డాక్టర్ నుస్రత్
ముందుగాల గుండె పరీక్ష, రక్త పరీక్ష చేయించింది.
తర్వాత కాంటా మీద పిల్లను
వెనక్కి తిప్పి నిలబెట్టింది.
అంకె తను చూసింది. మాకు చెప్పలే.
నేను అడిగిన. అలవాటు కద.
"అంకె నా దగ్గర ఉంటది సులోచనమ్మా,
నీ దగ్గర పళ్లెం ఉంటది."

జబ్బు పేరు చెప్పింది. ఇంగ్లీషుల ఉన్నది, నోరు తిరగలే.
"మొండితనం కాదు, షోకు కాదు.
ఆకలి లోపల అరుస్తనే ఉంటది.
ఇంకో గొంతు దాని మీద కూసోని
తలుపు తీయనిస్తలేదు.
ఎందుకొచ్చిందో మెల్లగ ఎతుకుదాం.
ముందు అన్నం. అన్నమే మందు, పూట తప్పొద్దు."

దుకాణం సగం పూట మూసిన.
దినానికి ఆరుసార్లు ఎదురుంగ కూసునుడు.
ఒక్క ఇడ్లీకి గంట.
నా బిడ్డ తిట్టిన తిట్లు
మా వాడ నల్లా కాడ కూడ ఇనలే.
చున్నీ కొంగుల ముద్ద దాచింది, దొరికింది.
నేను అరవలే. ఇంకో ముద్ద పెట్టిన.
"నువ్వంటే నాకు అసహ్యం" అన్నది.
సాంబారు చల్లారింది. వేడి చేసి తెచ్చిన.
అది జబ్బు గొంతు, పిల్లది కాదని డాక్టరమ్మ అన్నది.
నిజం చెప్పాలంటే
నాకు పిల్ల గొంతే ఇనిపించింది.

మంచిగైతున్నదనుకుంటే
శ్రావణంల మళ్ల జారింది.
ఐదు రోజులు ఆస్పత్రి మంచం, సెలైన్ సీసా.
చుక్క చుక్క లెక్కపెట్టుకుంట
లెక్క మర్చిపోయి నిద్రపోయిన.

మొన్న ఆదివారం నడుచుకుంట వస్తుంటే
నారాయణగూడ చౌరస్తాల బండి కాడ ఆగింది.
మిర్చి బజ్జి. తుంచింది.
సగం తను తిని, సగం నా చేతుల పెట్టింది.
పండుగ చెయ్యొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది.
ఆ సగం నోట్ల పెట్టుకోని
బస్సు నంబర్లు చూసుకుంట నిలబడ్డ.
కారానికి కండ్లళ్ల నీళ్లొచ్చినయ్. కారానికే.

టేపును పెట్టెల పెట్టి తాళమేసిన.
ఆమె కొత్త కుర్తా అందాజకు కోసిన,
రెండు పక్కల కుట్టు లోపల
మస్తు గుడ్డ వదిలిన.
తిరగేసి చూసింది.
"గింత మడతెందుకమ్మా?"
"బడి పిల్లల బట్టలకు గిట్లనే వదులుతరు."

నవ్వలే. కోపం చెయ్యలే.
ఆ మడతను రెండు వేళ్ల నడుమ
చానసేపు నలిపింది.
"గుచ్చుకుంటదా?" అడిగిన.
"జర్రంత" అన్నది,
తలల నుంచి ఏసుకుంట.